పన్నెండు గొట్టాల అవతల

నరసరావుపేటలో ఆరేళ్ళపాటు మంటలు ఆర్పాను. ఎన్ని ఆర్పావని ఎవరైనా అడిగితే రెండు వేలంటాను. మా ఇంటావిడ పక్కన ఉంటే రెండు వందలంటాను. కానీ ఒక సంగతి మాత్రం ఎవరున్నా ఒప్పుకుంటాను. వాటిలో నేను కళ్ళారా చూసిన మంటలు పట్టుమని పది లేవు.

ఎందుకంటే నేను పంపు ఆపరేటర్ని. మంట ఒక చోట ఉంటుంది, నీళ్ళు ఇంకో చోట ఉంటాయి. పల్నాడులో ఈ రెంటికీ ఏదో పాత పగ. ఒకటున్న వీధిలో రెండోది కాలు పెట్టదు. గొట్టం కొసన నీళ్ళు చిమ్మే నాజిల్ పట్టినవాడు మంట దగ్గరికి పోతాడు, పంపు ఆపరేటరు నీళ్ళ దగ్గర ఉండిపోతాడు. తిరిగొచ్చాక జనం నన్ను చుట్టుముట్టి, "కోటయ్యా, మంట ఎంతెత్తున లేచిందేంది?" అని ఆశగా అడిగేవాళ్ళు. నేను చూసిందల్లా బురద, కప్పలు. అయినా వాళ్ళ ఆశ చంపడం ఎందుకని తాటిచెట్టంత అనేవాణ్ణి. మళ్ళీ అడిగితే రెండు తాటిచెట్లంత.

స్వరాజ్యం వచ్చాక మళ్ళీ కొత్తగా ఫైరు స్టేషన్లు పెడతారని, కుర్రాళ్ళని తీసుకుంటారని వింటున్నాను. ఆ చేరబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఫారాలు నింపడం, సలాము కొట్టడం మీ ఆఫీసర్లు నేర్పుతారు. అవి నాకు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ గుర్తు లేవు. నేను చెప్పేది మిగతాది. ముందే ఒక హెచ్చరిక. నా మాటల్లో సగం తీసేసి చదువుకోండి. ఎక్కడ తీయకూడదో అక్కడ నేనే చెబుతాను.

పదహారు ఊళ్ళ దున్నపోతులు

యుద్ధం రోజుల్లో బాంబులు పడతాయన్న భయంతో మాకొక పంపు ఇచ్చారు. నరసరావుపేట మీద బాంబు వేయడానికి రావాలంటే జపానువాడికి ఎంత తీరిక ఉండాలో నాకు తెలియదు. మొత్తానికి వాడు రాలేదు, పంపు వచ్చింది. రెండు చక్రాల మీద ఒక పెట్రోలు ఇంజను, దాని ముక్కుకు తగిలించిన పంపు, దాన్ని లాగడానికి ఒక ముసలి లారీ. అంతకుముందు నేను మాచర్ల దారిలో బొగ్గు బస్సుకు మెకానిక్‌ని. పెట్రోలు దొరకక బొగ్గు రాజేసి ఆ పొగతో నడిపే బస్సులవి. రోజూ నిప్పుతో వేగేవాడు కదా, నిప్పంటే తెలిసే ఉంటుందని నన్ను తీసుకున్నారు.

ఆ పంపు స్టార్టయితే పదహారు ఊళ్ళ దున్నపోతులు ఒకేసారి రంకె వేసినట్టుండేది. దాని హ్యాండిలు నా కుడిచెయ్యిని మూడుసార్లు విరిచింది. డాక్టరు ఒకసారే అంటాడు. తక్కిన రెండూ పంపు మీద గౌరవంకొద్దీ నేను కలిపాను.

మా జట్టులో మనుషులు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. మొదటినుంచి చివరిదాకా ఉన్నది నలుగురం. ఆఫీసరు పరాంకుశం గారు, లారీ డ్రైవరు మస్తాను, పంపు దగ్గర నేను, నాజిల్ దగ్గర దావీదు.

బావి ముందు మద్రాసు చదువు

పరాంకుశం గారు మద్రాసు నుంచి వచ్చారు. గంజి పెట్టిన ఖాకీ నిక్కరు, జేబులో పంపు లెక్కలున్న పట్టికల పుస్తకం. ఆ నిక్కరు మడతతో సొరకాయ తరగొచ్చు. వచ్చిన మొదటి వారమే సత్తెనపల్లి వైపు ఒక ఊళ్ళో చొప్పవాములు అంటుకున్నాయి. ఊరి మధ్య బావి కనపడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"సక్షన్ దించవయ్యా కోటయ్యా!"

సక్షన్ అంటే నీళ్ళలోకి దించే లావుపాటి గొట్టం. చివర ఇనప జల్లెడ ఉంటుంది. ముక్కకు ముక్క బిగించి దించుతూ పోయాం. నలభై అడుగులకు గాని జల్లెడ నీళ్ళకు తగల్లేదు. పంపు రంకె వేసింది. మీటరులో ముల్లు వణికింది. ఒక్క చుక్క రాలేదు. పావుగంట ఇంజను అరిచింది, దానితోపాటు మేమూ అరిచాం. ఈలోగా వాములు తమ పని తాము కానిచ్చుకుని బూడిదైపోయాయి. చేదతాడు భుజాన వేసుకున్న ఒక ముసలమ్మ అంతా చూసి, "ఏంది నాయనా, మీ ఎద్దు ఇంత అరస్తా ఉండి చుక్క తాగదేంది? మా బాయికి తాడు కావాల. అరిస్తే నీళ్ళొస్తయ్యా?" అంది.

పంపు నీళ్ళని లాగుతుందని అందరూ అనుకుంటారు. అది చేసేదల్లా సక్షన్ గొట్టంలో ఉన్న గాలిని బయటికి పంపడం. బయటి గాలి నీళ్ళ మీద బరువు పెట్టి, ఖాళీ అయిన గొట్టంలోకి వాటిని ఎక్కిస్తుంది. ఎంత మంచి పంపైనా గాలి ఎక్కించగలిగేది పాతిక అడుగుల లోపే. మద్రాసులో నీళ్ళు చెయ్యి చాస్తే అందుతాయి కాబట్టి ఆయనకు ఆ ఇబ్బంది ఎప్పుడూ ఎదురుకాలేదు. మా బావులు గాలి బలం తెలిసినట్టు, దానికి అందని లోతున కూచుని ఉంటాయి.

ఇంకో ఆఫీసరైతే పంపు చెడిందని రాసి, చెడగొట్టింది నేనని కింద ఇంకో ముక్క రాసేవాడు. ఈయన టోపీ తీసి ముసలమ్మతో, "తప్పు నాదే తల్లీ" అన్నారు. మర్నాటినుంచి నెల రోజులు, రాయి కట్టిన తాడు పట్టుకుని బావి బావికీ, కుంట కుంటకీ తిరిగారు. ఒక ఊళ్ళో ఆయన బావిలోకి తొంగి చూస్తుంటే ఎవరో పడ్డారనుకుని ఏడుపులు లేచాయి. అవి ఆపడానికి ఊళ్ళో అందర్నీ వరసగా నిలబెట్టి లెక్కపెట్టాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి ఏ ఊళ్ళో పంపుకు అందే నీళ్ళు ఎక్కడున్నాయో మాకు కంఠతా వచ్చేసింది. అలాంటి ఆఫీసరు దొరికితే ఆయనకు బదిలీ రాకుండా కోటప్పకొండకు మొక్కుకోండి.

దావీదు మడత

గొట్టం మడవడం పనికిమాలిన పని అనుకునే కుర్రాళ్ళుంటారు. నేనూ అనుకున్నాను.

మావి కాన్వాసు గొట్టాలు. వాడిన ప్రతిసారీ కడగాలి, ఎత్తున వేలాడదీసి ఎండబెట్టాలి. తడిగా మడిస్తే బూజు పట్టి కుళ్ళుతుంది. ఎండాక లారీ వెనక పెట్టెలో ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి, చీర మడతల్లా పేర్చాలి. ఒక చివర నేలకు కట్టి లారీ నడిపితే ఆ మడతలు ఒకదాని వెనక ఒకటి వాటంతటవే జారి దారి పొడుగునా పరుచుకోవాలి. ఇత్తడి జాయింటు వచ్చినచోట అది తిరగబడి మడతలో ఇరుక్కోకుండా చూడాలి. పోయినసారి మడత పడ్డచోట ఈసారి పడకూడదు, పడితే గుడ్డ అక్కడే చిరుగుతుంది.

దావీదుది గురజాల దగ్గర పాలెం. రాళ్ళు కొట్టే కుటుంబం. మనిషి ఎంతవాడంటే గుమ్మాలు అతన్ని చూసి తామే కొంచెం పైకి లేచేవి. ఆదివారం కిరస్తానీ గుడిలో అతను పాట ఎత్తుకుంటే గోడల సున్నం రాలిపడేదని చెబుతారు. చెప్పింది నేనే. మామూలప్పుడు మాత్రం నోట్లోంచి మాట రావాలంటే సక్షన్ వెయ్యాలి. ఆ గొట్టాలు మడవడం అతనికొక పూజ.

"ఏందిరా అంతసేపు? చంటిబిడ్డని పడుకోబెడతన్నావా?" అనేవాణ్ణి.

"నువ్వు మడిస్తే ఆడ మంట దగ్గరకెళ్ళాక ముడి పడిద్ది బావా. ముడి ఇప్పేది నువ్వు గాదు, నేను."

"నన్ను పిలువు. పంటితో కొరికి ఇప్పుతా."

"నీకుండే పళ్ళెన్ని? అందులో ఆడేవెన్ని?"

అని, నేను మడిచిన వరసంతా ఊడబీకి మళ్ళీ మొదటినుంచి పేర్చేవాడు. మస్తాను బీడీ కాలుస్తూ, "మీ ఇద్దరికీ పెళ్ళి చేసి పంపిస్తే పోద్ది" అనేవాడు. మతం వేరు, పాలెం వేరు. మా బావ వరస ఎలా కలిసిందో ఎవరికీ తెలియదు. మొదటిరోజే బావా అన్నాడు, నేను పలికాను.

ఇప్పుడు మా వీధిలో ఎవరైనా తడిగుడ్డ ఆరేస్తే ఆ వాసనకు నా కాళ్ళు ఆగిపోతాయి. కాన్వాసు వాసన వేరు. ఇది అది కాదని తెలిసీ కాసేపు నిలబడతాను.

లడ్డూ పళ్ళెం

పంపు దగ్గర పుట్టిన బలమంతా నాజిల్‌కు చేరదు. దారిలో నీళ్ళు గొట్టం గోడలకు ఒరుసుకుంటాయి, ఆ రాపిడికి కొంత బలం పోతుంది. పరాంకుశం గారు దాన్ని ఫ్రిక్షన్ లాస్ అనేవారు. నేను దాన్ని లడ్డూ పళ్ళెం అనేవాణ్ణి. పెళ్ళిపందిట్లో ఈ చివరినుంచి ఆ చివరికి లడ్డూల పళ్ళెం చేతులు మార్చి పంపండి. ప్రతి బంధువూ మర్యాదగా తలా ఒకటి తీసుకుంటాడు. వియ్యంకుడి దగ్గరికి పళ్ళెం చేరేసరికి అందులో పొడి మిగులుతుంది. గొట్టాలూ అంతే, ఒక్కొక్కటీ ఒక బంధువు. వంకర పడ్డచోట కూచున్నవాడు మేనమామ, రెండు తీస్తాడు. మంట మిట్ట మీద ఉంటే ఎత్తు కూడా తన వాటా తీసుకుంటుంది.

సరే, ఎక్కువ లడ్డూలు పెట్టి పంపుదామని ఇంజను జోరు పెంచేస్తారు కుర్రాళ్ళు. అక్కడుంది చిక్కు. నీళ్ళు రెట్టింపు తోస్తే నష్టం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పైగా ఎక్కడో పాత మడత దగ్గర గొట్టం పగులుతుంది. కాబట్టి ఎన్ని గొట్టాలు వేశామో, నాజిల్ ఎంత ఎత్తున ఉందో చూసుకుని, పట్టికలో ఉన్నంత ఇవ్వాలి. ఇచ్చాక ఇంజను జోరు పెంచే, తగ్గించే మీటను, అదే థ్రాటిల్‌ను, వదిలిపెట్టి నిలబడాలి. ఆ నిలబడడమే ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టం. అవతల మనిషి నిప్పులో ఉంటాడు, మీరు చేతులు కట్టుకుని కప్పల్ని చూస్తుంటారు.

పరాంకుశం గారి ఆజ్ఞ ఒక్కటే ఉండేది. సైగ రానిదే థ్రాటిల్ ముట్టుకోవద్దు. దారి మధ్యలో ఏదో ఒక మిట్ట మీద మస్తాను రెండు తువ్వాళ్ళు పట్టుకుని నిలబడేవాడు. ఎర్రది ఊపితే పెంచాలి, తెల్లది ఊపితే తగ్గించాలి. రెండూ దించి ఉంటే ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. నాకూ అర్థమయింది.

కుంట

ఇక్కడినుంచి సగం తీసేయకండి.

గురజాల అవతల ఒక ఊరు. నడి ఎండాకాలం. ఒక షావుకారు పత్తి కొట్టు అంటుకుంది. కొట్టును ఆనుకుని పూరిళ్ళ వీధి. గాలి ఆ వీధి మీదికే వీస్తోంది. ఊళ్ళో బావులు ఎండిపోయాయి. ఉన్నది ఒక్క కుంట, కొట్టుకు పావుమైలు. అది కూడా ఎండి ఎండి ఒక కళ్ళమంత మిగిలింది, నడుము లోతు. మనుషులు తాగేదీ గొడ్లు తాగేదీ అదే. వానలకు ఇంకా రెండు నెలలుంది.

పన్నెండు గొట్టాలు పరిచాం. దావీదు మడత కాబట్టి ఒక్కచోట కూడా ఇరుక్కోలేదు. పరాంకుశం గారు, దావీదు కొట్టు దగ్గరికి పోయారు. మస్తాను మిట్టెక్కాడు. నేను జల్లెడను కుంటలో దించి, గాలి తీసి, నీళ్ళు ఎక్కించి, పట్టిక ప్రకారం థ్రాటిల్ పెట్టాను. పన్నెండు గొట్టాలూ ఒకదాని వెనక ఒకటి కొండచిలువల్లా లేచాయి.

అప్పుడు బిందెలతో ఆడవాళ్ళు వచ్చారు. మొదట వింత చూశారు. కాన్వాసు గొట్టం నీళ్ళు ఎక్కిన కొత్తలో చెమర్చినట్టు కారుతుంది. ఆ చెమ్మ కింద చెంబులు పెట్టుకున్నారు. తర్వాత కుంట వైపు చూశారు. గట్టుమీద తడి గుర్తు ఒక మూర కిందికి దిగింది. ఇంకాసేపటికి ఇంకో జానెడు. నేను మోకాళ్ళ లోతు బురదలో దిగి జల్లెడను మధ్యకు జరపాల్సి వచ్చింది.

"ఒరే అబ్బాయ్," అంది ముందున్నామె. పేరు పున్నమ్మని తర్వాత తెలిసింది. యాభై ఏళ్ళుంటాయి, చంకలో బిందె. "ఆ కొట్టెవురిది?"

"షావుకారిది పిన్నమ్మా."

"ఈ నీళ్ళెవురియ్యి?"

నేను మీటరు ముల్లు వైపు తిరిగాను. జవాబు ఆమే చెప్పింది.

"మాయి. పత్తి కాలితే మళ్ళీ పండిద్ది. ఈ కుంట అయిపోతే మా పిలకాయలు ఏం తాగాల? నీ ఇంజను నూనె తాగాల్నా?"

"ఆ పక్కన ఇళ్ళున్నయ్ పిన్నమ్మా. మీ వాళ్ళవేగా."

"నా ఇల్లు ఆడే ఉంది. కాలితే రెండు తాటాకులు కప్పుకుంటా. దప్పికైతే ఏం కప్పుకోను? నువ్వే ఊరోడివి నాయనా?"

"నరసరావుపేట. మాదీ పల్నాడే."

"పల్నాడోడివైతే ఇంకా చెప్పించుకుంటావేంది?"

ఆమె అరిచి తిట్టి ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. తిట్లు నాకు పెసరట్లు. ఆమె గొంతు తగ్గించి అడిగింది. వెనక ఉన్నవాళ్ళు అందరూ నీళ్ళనే చూస్తున్నారు. నేనూ బిందె పట్టుకుని మైళ్ళు నడిచిన తల్లి కొడుకునే.

తలెత్తి చూశాను. కొట్టు మీద అప్పటిదాకా నల్లగా ఉన్న పొగ తెల్లబడింది. పొగ తెల్లబడితే మంట లొంగినట్టు. నిజమే, వాములైతే నిజమే. పత్తి అలా కాదు. పైన తడిసి తెల్లపొగ వదులుతుంది, కడుపులో రగులుతూనే ఉంటుంది. అది నాకు తెలుసు. తెలిసినదాన్ని ఆ క్షణాన పక్కకు పెట్టాను. మస్తాను వైపు చూశాను. రెండు తువ్వాళ్ళూ దించే ఉన్నాయి.

థ్రాటిల్ సగానికి తగ్గించాను.

కొండచిలువలు మెత్తబడ్డాయి. పున్నమ్మ బిందె కింద పెట్టింది. గట్టుమీద తడి గుర్తు దిగడం నెమ్మదించింది. ఎంతసేపు? చుట్ట అంటించి సగం కాల్చేంతసేపు. అప్పుడు మిట్ట మీద మస్తాను ఎర్ర తువ్వాలు ఊపడం చూశాను. ఊపడం కాదది, పూనకం వచ్చినట్టు విసురుతున్నాడు. నేను పూర్తిగా తెరిచాను.

జరిగింది తర్వాత మస్తాను చెప్పాడు. కొట్టు లోపలికి వెళ్ళి దావీదు పత్తిగుట్ట కడుపులోకి నీళ్ళు కొడుతున్నాడు. ధార ఉన్నట్టుండి పొట్టిదయింది, గుట్టకు అందలేదు. లోపలి నిప్పు ఒక్క ఊపున బయటికొచ్చి కప్పుకు తగిలింది. దూలం విరిగి అతని కుడిచేతి మీద పడింది. నాజిల్ వదిలేసి బయటికొస్తే వీధంతా పోతుంది. అతను వదల్లేదు. దూలం కిందినుంచి చెయ్యి లాక్కుని, ఎడమచేత్తో నాజిల్ పట్టి, నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు. వచ్చాక ఆర్పేసి బయటికొచ్చి కూచున్నాడు.

వీధి మిగిలింది. కుంటలో జానెడు నీళ్ళు మిగిలాయి.

ఆ వారం పరాంకుశం గారు రేషను పెట్రోలు పోసి, మా లారీలో పీపాలతో ఆ ఊరికి నీళ్ళు తోలించారు. పెట్రోలు ఏమైందని పైనుంచి సంజాయిషీ అడిగితే, మంట ఆర్పడానికే అయిందని రాశారు.

రాపిడి మీద వేసిన నింద

మర్నాడు ఆయన బల్ల ముందు కూచుని లెక్క వేశారు. పన్నెండు గొట్టాలు. కొట్టు ఉన్నది మిట్ట మీద. వీధి మలుపులో రెండు వంకరలు. చెమ్మ కారిన నీళ్ళు. కలిపి, తీసివేసి, పెన్సిలు కింద పెట్టి, "తేలిందయ్యా కోటయ్యా. రాపిడే తినేసింది. అంత దూరానికి ఈ పంపు చాలదు. నీ తప్పేమీ లేదు" అని నా భుజం తట్టారు.

ఆయన ముసలమ్మ ముందు టోపీ తీసిన మనిషి. నేను ఆయన ముందు నోరు తెరవలేదు. లడ్డూల కథ రోజుకు పదిసార్లు చెప్పేవాణ్ణి, ఆ రోజు పళ్ళెం ఖాళీ చేసిన బంధువును నేనేనని చెప్పలేకపోయాను.

ఆస్పత్రికి వెళ్ళాను. దావీదు కుడిచేతికి మోచెయ్యిదాకా కట్టు. నన్ను చూసి అడిగిన మొదటి మాట, "గొట్టాలు ఆరేశావా బావా?"

"ఆరేశా."

"మడిచింది నువ్వేనా?"

"ఇంకెవురు?"

"అయితే మళ్ళీ ఇప్పాల" అని కళ్ళు మూసుకున్నాడు.

మూడు నెలల తర్వాత పనిలోకి వచ్చాడు. రెండు వేళ్ళు మడతపడి లేవవు. ఎడమచేత్తో నాజిల్ పట్టడం నేర్చుకున్నాడు. ఇంకో రెండేళ్ళు కలిసి పనిచేశాం. ఆ రెండేళ్ళూ నేను సైగ లేకుండా థ్రాటిల్ మీద ఈగను కూడా వాలనివ్వలేదు. చెబుదామని రోజూ అనుకునేవాణ్ణి. చెబితే మళ్ళీ బావా అనడేమోనని మర్నాటికి వాయిదా వేసేవాణ్ణి.

యుద్ధం అయిపోయింది. మరికొన్నాళ్ళకు స్టేషను ఎత్తేశారు. పంపును వేరే లారీకి తగిలించి గుంటూరు వైపు లాక్కుపోయారు. పరాంకుశం గారు మద్రాసు వెళ్ళిపోయారు. మస్తాను వినుకొండ బస్సు ఎక్కాడు. దావీదు ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని, "వస్తా బావా" అన్నాడు. నేను, "రారా" అన్నాను. రెండూ అబద్ధాలే. నలభై ఆరేళ్ళ వయసుకే రిటైరైన మొనగాణ్ణి నేను. ఇప్పుడు ఒక రైతు తోటలో ఆయిలింజను నడుపుతున్నాను. అది దున్నపోతు కాదు, దూడ. నీళ్ళు కాలువలో పోతాయి, మిరపచెట్లు తాగుతాయి. ఆ నీళ్ళ అవతలి చివర మనిషి ఉండడు.

సున్నపు బట్టీ దగ్గర

పోయిన ఎండాకాలం గుంటూరు మీదుగా మీటరుగేజీ చిన్న రైలెక్కి పిడుగురాళ్ళ వెళ్ళాను. దావీదు అక్కడ సున్నపు బట్టీ దగ్గర కాపలా ఉంటున్నాడని ఎవరో చెప్పారు. బట్టీ పక్కనే గుడిసె. అతని భార్య మరియమ్మ నన్ను చూసి, "ఏందన్నయ్యా, దారి తప్పావా? ఇన్నాళ్ళకి కనబడ్డావే!" అంది. చెంబుతో మజ్జిగ తెచ్చింది.

దావీదు బట్టీలో బొగ్గు ఎగదోస్తున్నాడు. తల నెరిసింది. గుమ్మాలు ఇక పైకి లేవక్కర్లేదు, మనిషి కొంచెం వంగాడు.

"ఆర్పేవోడివి, రాజేసేవోడివయ్యావే" అన్నాను.

"ఇది ఆరితే జీతం రాదు బావా."

బావా అన్నాడు. నేను మజ్జిగ తాగాను. ఎండల గురించి మాట్లాడాను. రైలు ఆలస్యం గురించి, మస్తాను మూడో పెళ్ళి గురించి చెప్పాను. మస్తాను చేసుకున్నది రెండే. మరియమ్మ లోపలికి వెళ్ళింది. అప్పుడు చెప్పాను. అలంకారాలు పెట్టకుండా, నా జన్మలో మొదటిసారి, ఎంత జరిగిందో అంతే చెప్పాను. పున్నమ్మ, కుంట, తెల్లపొగ, సగానికి తగ్గించిన థ్రాటిల్.

అతను బట్టీ వైపు చూస్తూ విన్నాడు.

"నాకు తెలుసు" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"చెప్పేదేంది బావా? గొట్టం పగిలితే ధార ఒక్కసారిగా చచ్చిద్ది. కుంటలో నీళ్ళు అయిపోతే దగ్గినట్టు తుంపర్లు తుంపర్లుగా వచ్చిద్ది. రాపిడైతే మొదట్నించీ తక్కువే వచ్చిద్ది. ఆ రోజు అట్టా గాదు. నిండుగా వస్తా ఉండి, మెత్తగా, ఎవురో చేత్తో తిప్పినట్టు తగ్గింది."

"ఆ పూటే తెలుసా?"

"ఆడ నిలబడ్డప్పుడే తెలుసు."

"మరి పరాంకుశం గారికి చెప్పలేదేంరా? ఆయన రాపిడని రాస్తుంటే ఊరుకున్నావు."

"చెబితే నిన్ను పంపు దగ్గర్నించి తీసేసేటోళ్ళు."

"తీసెయ్యాల్సిందే. నీ చెయ్యి పోయింది గదరా."

అతను మడతపడ్డ వేళ్ళు చూసుకున్నాడు. "ఇంకోణ్ణి పెట్టేటోళ్ళు. ఆడెప్పుడు తగ్గిస్తాడో నాకు తెలవదు. నువ్వు ఒకసారి తగ్గించావు. ఇంక జన్మలో తగ్గించవని ఈ లోకంలో నాకొక్కడికే తెలుసు. నిన్నెట్టా వదులుకుంటా?"

ఖాళీ అయిన మజ్జిగ చెంబు ఎత్తి ఇంకోసారి తాగాను.

కుర్రాళ్ళకు చెప్పాలనుకున్న బుద్ధులు చాలా ఉన్నాయి గాని, ఇది ఒక్కటి పట్టుకుపోండి. పంపు దగ్గర మీరు చేసిన ప్రతి పనీ అవతల ఒకడి చేతుల్లోకి చేరుతుంది. వాడికి అన్నీ తెలుస్తాయి. తప్పు చేస్తే ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పండి. నేను దాచింది అతనికి తెలియనిది కాదు. ఆ రెండేళ్ళూ పక్కనే ఉండి ఇలా కూచుని మాట్లాడుకోకుండా పోయాం, అదీ నష్టం. దానికి ఏ పట్టికా లేదు.

ఎండ తగ్గింది. పిడుగురాళ్ళ స్టేషను వైపు రైలు కూత వినిపించింది.

"నరసరావుపేటలో మళ్ళీ స్టేషను పెడతారంటగా" అన్నాడు దావీదు.

"కుర్రోళ్ళని తీసుకుంటారంట."

"అది తెలుసులే. ఒకవేళ పిలిస్తే?"

"నీ ఎడమచెయ్యి, నా పళ్ళు చూసి పిలుస్తారా?"

"పిలిస్తే అంటన్నా. పంపు నువ్వేనా?"

"నేనే."

"అయితే వస్తా."

రైలు ఇంకోసారి కూసింది. అది నేను ఎక్కాల్సిన రైలే. నేను లేవలేదు.